గోడ మీద వెలుగు బిళ్ళ

"అమ్మా, ఆదివారం రాత్రి గ్రహణమట కదా! అత్తమ్మ ఇప్పట్నుంచే జాగ్రత్తలు చెబుతోంది. పొద్దుండగానే తినేసి గదిలో వెల్లకిలా పడుకోవాలట. పక్కకు కూడా తిరగొద్దట. అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర దాకా అట్లా కదలకుండా ఉండటం నా వల్ల అవుతుందా?"

2025 సెప్టెంబరు మొదటి వారంలో మిర్యాలగూడ నుంచి మా పెద్దమ్మాయి చేసిన ఫోను ఇది. దానికప్పుడు ఐదో నెల. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటారా? సరిగ్గా ఇదే మాట, ఇదే ఐదో నెలలో, నలభై అయిదేళ్ళ కిందట మా అమ్మకూ చెప్పారు. అప్పుడు అమ్మ కడుపులో ఉన్నది నేనే!

మీలో కాస్త పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1980 ఫిబ్రవరి 16, శనివారం, మాఘ అమావాస్య. శివరాత్రి జాగారం అలసట ఇంకా తీరనే లేదు. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ కర్ణాటక తీరాన నేల మీదికెక్కి, రాయచూరు మీదుగా మన పాలమూరు, నల్లగొండ, ఖమ్మం జిల్లాల్లోంచి సాగి, ఒరిస్సాలో పూరీ వైపు వెళ్ళిపోయింది. వంద కిలోమీటర్లకు పైగా వెడల్పున్న ఆ నీడ దారిలోనే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ ఉన్నాయి. సూర్యాపేటనయితే చెప్పక్కర్లేదు. పేరులోనే సూర్యుణ్ణి పెట్టుకున్న ఊరు. పాతపేరు భానుపురి, అదీ సూర్యుడే!

ఆ రోజు ఊళ్ళో జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారట. మన ఒక్క ఊరే కాదులెండి. ఢిల్లీలో జనం వీధుల్లోకి రాకుండా ఉండటానికి దూరదర్శన్ వాళ్ళు ఆ మధ్యాహ్నం హిందీ సినిమా వేశారంటే దేశమంతా ఎంత భయం ఉండేదో చూడండి. మా ఇంట్లో మాత్రం మా చిన్నాయన ఒక్కడే, ఇంటర్ చదివే కుర్రాడు, ఎవరికీ చెప్పకుండా పక్కవాళ్ళ డాబా ఎక్కాడు. ఆయన ఆ కథ చెప్పని పెళ్ళి గానీ పేరంటం గానీ మా ఇంట్లో జరగలేదు. మూడున్నర దాటాక ఎండలో పసుపు పోయి బూడిద రంగు వచ్చిందట. నీడల అంచులు కత్తితో కోసినట్టు కనబడ్డాయట. చల్లగాలి మొదలైంది. కోళ్ళు గంప దగ్గరికి నడిచాయి. పావు తక్కువ నాలుగు ప్రాంతంలో పడమటి దిక్కు నుంచి చీకటి పరదాలాగా పరుగెత్తుకొచ్చింది. తలెత్తితే సూర్యుడున్న చోట నల్లటి బిళ్ళ, దాని చుట్టూ తెల్లటి పట్టు కుచ్చులాంటి వెలుగు. కొంచెం దూరంలో శుక్రుడు పట్టపగలే మెరుస్తున్నాడు! మొత్తం రెండు నిమిషాలేనట. అంచున ఒక్కచోట వెలుగు పొడుచుకొచ్చి వజ్రపుటుంగరంలా తళుక్కుమంది, అంతే, మళ్ళీ పగలు. "ఆ రెండు నిమిషాలు ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది, కుక్క కూడా మొరగలే" అంటాడు చిన్నాయన.

(ఆయన అంతసేపూ ఎక్స్‌రే ఫిలిం అడ్డం పెట్టుకుని చూశాడు. కళ్ళు బాగుండటం ఆయన అదృష్టం. ఆ పని మీరు చెయ్యొద్దు, పిల్లల్ని చెయ్యనివ్వొద్దు. ఎట్లా చూడాలో కిందచెబుతాను.)

అమ్మ మాత్రం లోపలి గదిలో నులక మంచం మీద ఉంది. కిటికీలకు పాతచీరలు కుక్కి, కొంగులో దర్భపుల్ల ముడివేసి, "కాలు చెయ్యి కదిలించకు, గోరు గిల్లకు, చీర మడత కూడా సర్దకు" అని మా నాయనమ్మ గడప దగ్గర కాపలా కూర్చుంది. నాయనమ్మ చెడ్డదేమీ కాదు. ఆమెకు తన అత్త చెప్పింది, తను తన కోడలికి చెప్పింది. మనవరాలు బాగుండాలనే కదా!

లెక్కలు కట్టిన వాళ్ళు ఏమంటారంటే, భూమ్మీద ఏదో ఒక ఊరిని తీసుకుంటే, ఆ ఊరికి సంపూర్ణ సూర్యగ్రహణం సగటున 375 ఏళ్ళకోసారి వస్తుందట. అంటే పది, పదిహేను తరాలకు ఒక్కసారి. సూర్యుడు అడ్డంగా కొలిస్తే చంద్రుడికి దాదాపు 400 రెట్లు పెద్ద. దూరం కూడా దాదాపు 400 రెట్లే. అందుకే దూరాన ఉన్న పెద్ద అప్పడాన్ని కంటి ముందు పెట్టుకున్న చిన్న వడియం కప్పేసినట్టు కప్పేస్తాడు, అదీ సరిగ్గా అంచుకు అంచు. చంద్రుడు ఏటా సుమారు 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరం జరుగుతున్నాడట. కోట్ల ఏళ్ళు పోయాక పూర్తిగా కప్పే గ్రహణమే ఉండదన్నమాట. మరి ఇంత అరుదైనది మా పెంకుటింటి మీదుగా పోతుంటే, ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కరూ చూడలేదు. అదే రోజు హైదరాబాదుకు దగ్గర్లో జపాల్-రంగాపూర్‌లోని ఉస్మానియా వాళ్ళ వేధశాలకు ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో వచ్చి దుర్భిణులు బిగించుకు కూర్చున్నారు. మన పొలాల మీది చీకటి కోసం వాళ్ళు ప్రయాణాలు చేసి వస్తే, మనం తలుపులేసుకున్నాం!

ఇట్లా రావడం వాళ్ళకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న గుంటూరులో అయిదు నిమిషాలకు పైగా పట్టపగలు చీకటి పడింది. జాన్సెన్ అనే ఫ్రెంచి ఆయన దానికోసమే ఓడెక్కి గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచు వెలుగును విడదీసి చూసినవాళ్ళకు ఒక పసుపు గీత కనబడింది. అది భూమ్మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తర్వాత తేలింది. గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. పిల్లల పుట్టినరోజుకు పైకెగిరే బుడగల్లో నింపుతారే, అదే! కోదాడ నుంచి గుంటూరు ఎంత దూరం చెప్పండి?

సరే, మా ఇంటి కథకు వస్తాను.

2019 డిసెంబరు 26, గురువారం. పొద్దున ఎనిమిది దాటాక సూర్యగ్రహణం. కేరళ, తమిళనాడు వైపు ఉంగరంలా కనబడింది, మనకు మాత్రం సగానికి పైగా కప్పింది. అమ్మ అప్పుడు కోదాడలో మా దగ్గర ఉంది. మా చిన్నవాడికి బళ్ళో సైన్సు టీచరమ్మ ఒక చిట్కా చెప్పి పంపింది. వాడు వంటింట్లోకొచ్చి నా బూందీ గరిటె పట్టుకుపోయాడు. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, గరిటెను నడుమెత్తులో పట్టుకుని, దాని నీడ కింద పరచిన తెల్ల పంచె మీద పడేట్టు చూశాడు. అమ్మలూ, ఏం చెప్పమంటారు! ప్రతి చిల్లులోంచీ ఒక్కో చిన్న సూర్యుడు, అన్నీ నెలవంకల్లా కొరికి ఉన్నవే! ముప్ఫయ్యో నలభయ్యో బుల్లి సూర్యుళ్ళు ఆ పంచె మీద. పక్కకు చూస్తే మా వాకిట్లో వేపచెట్టు నీడంతా నెలవంకలే. ఆకుల సందుల్లో పడే వెలుగు మచ్చలు మామూలు రోజున గుండ్రంగా ఎందుకుంటాయని ఎప్పుడైనా అనుకున్నారా? ఆకుల సందులు గుండ్రంగా ఉండవు కదా! ఒక్కో మచ్చా ఒక్కో సూర్యుడి బొమ్మన్నమాట. ఇన్నేళ్ళూ రోజూ ఊడ్చిన వాకిట్లో ఇది నాకు కనబడనే లేదు.

అమ్మ వద్దు వద్దంటూనే గడప దాటి వచ్చింది. పంచె మీదికి వంగి చూసింది. చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది:

"ఇదే. ఇదే నేను ఆనాడు గోడ మీద చూసిన."

నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. కిటికీలకు చీరలు కుక్కారు గానీ ఇంటి కప్పు పెంకులు కదా. ఒక పెంకు జరిగి సన్నటి సందు ఉండేదట. అందులోంచి గోడ మీద రూపాయి బిళ్ళంత వెలుగు పడేది. వెల్లకిలా పడుకున్న మనిషి ఇంకెటు చూస్తుంది? ఆ బిళ్ళనే చూస్తూ ఉందట. చూస్తుండగానే బిళ్ళ అంచు కొరికినట్టయింది. సగమయింది. సన్న నెలవంకయింది. ఆపైన మాయమయి గది మొత్తం నల్లబడిపోయింది. అమ్మ భయపడి కళ్ళు గట్టిగా మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి గోడ మీద వంక ఇంకో పక్కకు తిరిగి ఉంది.

"ఎవ్వరికీ చెప్పలే బిడ్డా. లోపలికి రావొద్దన్న గ్రహణం నా గోడ మీదికే వచ్చింది. నేను చూసిన. చూసిన పాపం నీకు తగులుతదేమోనని ఆ నాలుగు నెలలు నాకు నిద్రలేదు. నువ్వు పుట్టంగనే మంత్రసాని చేతిల నుంచి తీసుకుని ముందుగాల నీ పెదవే చూసిన."

ముప్ఫయి తొమ్మిదేళ్ళు కడుపులో దాచుకుంది ఆ మాట. ఇంతకీ అమ్మ చూసింది ఏమిటంటే, ఒక చిన్న రంధ్రం గుండా గోడ మీద పడే సూర్యుడి బొమ్మ. గ్రహణాన్ని కంటికి హాని లేకుండా చూడటానికి చదువుకున్నవాళ్ళు చెప్పే పద్ధతి సరిగ్గా అదే! బయట డాబా మీద చిన్నాయన కన్నా, చీకటి గదిలో ఉన్న మా అమ్మే క్షేమంగా చూసింది.

పెదవి ఎందుకు చూసిందో మీకు నేను చెప్పాలా? 'గ్రహణం మొర్రి' అని మన భాషలోనే ఒక మాట ఉంది. పిల్లకు పై పెదవి చీలి పుడితే, ఆ తల్లి గ్రహణంలో కత్తి పట్టిందనో కూర తరిగిందనో అంటారు. మా సూర్యాపేట వాడకట్టులో ఒకావిడకు అట్లాగే బాబు పుట్టాడు. ఆమె కూడా 1980లో మా అమ్మలాగే కదలకుండా పడుకున్న మనిషే. అయినా "నిద్రలో కదిలి ఉంటావు" అన్నారు. ఆ మాట ఆమె పోయేదాకా వదల్లేదు. డాక్టర్లు చెప్పేది వినండి. బిడ్డ పై పెదవి కడుపులో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపలే అతుక్కుంటుంది. అంగిలి తొమ్మిదో వారానికల్లా మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు! ఐదో నెలలో గ్రహణం వచ్చినా పోయినా ఆ పెదవికి ఏమీ కాదు. మొర్రి కొందరికి వంశంలో వస్తుంది, తల్లికి ముందునుంచే షుగరున్నా, పొగ అలవాటున్నా, కొన్ని మూర్ఛ మందులు వాడుతున్నా వచ్చే అవకాశం పెరుగుతుందంటారు. చాలాసార్లు కారణమే దొరకదు. మీ చుట్టుపక్కల అట్లాంటి బిడ్డ ఉంటే తల్లిని ఒక్క మాట అనకండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చికిత్స ఉచితం. ఆశా కార్యకర్తనో అంగన్‌వాడీ టీచరునో అడిగితే దారి చెబుతారు. పెదవి ఆపరేషను ఏడాది లోపలే చేయించడం మంచిది.

మొర్రి గురించి చెప్పానని మరి రోకలి సంగతి వదిలేస్తే మీరు ఊరుకోరు. ఆ 2019 గ్రహణం రోజే మా వీధిలో అందరూ ఇత్తడి పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి రోకళ్ళు నిలబెట్టారు. నిలబడ్డాయి! దండాలు పెట్టారు, ఫోటోలు తీశారు. నాకు మాత్రం పురుగు తొలిచింది. తర్వాత వచ్చిన మంగళవారం, గ్రహణమూ లేదు ఏమీ లేదు, అదే రోకలి, అదే పళ్ళెం. కాస్త ఓపికగా పట్టుకుని వదిలితే నిలబడింది. అడుగున పొన్ను సమంగా ఉంటే ఎప్పుడైనా నిలబడుతుంది. మధ్యాహ్నం దాకా అట్లాగే ఉంది, మా పిల్లి వచ్చి పడగొట్టింది.

ఇక మా అమ్మాయి ఫోను దగ్గరికి. దానికి ఒకటే చెప్పాను: "వెల్లకిలా అంతసేపు మాత్రం పడుకోకు." నెలలు నిండేకొద్దీ వెల్లకిలా పడుకుంటే బిడ్డ బరువు నడుము దగ్గరి పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయని, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడమే మేలని డాక్టరమ్మలు చెబుతారు. తిండి మానడమూ అంతే. కడుపుతో ఉన్నవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు గంటల తరబడి పస్తుండకూడదు. బాలలకు, ముసలివాళ్ళకు, రోగులకు సడలింపు మన పెద్దలే ఇచ్చారు. వండిన అన్నం గ్రహణం వల్ల విషమైపోదు. బయట పెడితే ఏ రోజైనా పాచిపోతుంది, అది వేరే సంగతి. ఫ్రిజ్‌లోది పారెయ్యకండి.

దాని అత్తగారితో కూడా మాట్లాడాను. వియ్యపురాలితో వాదం పెట్టుకోవడం అంత తేలికేం కాదని మీకు తెలుసు. "వదినగారూ, పంచాంగంలో స్పర్శ, మోక్షం ఇన్ని గంటలకని ముందే రాసి పెట్టారు కదా. రాహువు వచ్చి మింగేదయితే ఏ నిమిషానికి వస్తాడో సిద్ధాంతిగారికి ఎట్లా తెలుస్తుంది? చంద్రుడి దారి సూర్యుడి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. ఆ రెండు దారులూ కలిసే చోట్లకే రాహువు, కేతువు అని పేర్లు. అందుకే ప్రతి అమావాస్యకూ పున్నమికీ గ్రహణం రాదు. గ్రహణాలు నీడల వల్లేనని ఆర్యభటుడు 499లోనే రాశాడు" అన్నాను. ఇదంతా మా చిన్నవాడి పుస్తకాల్లో చదివిందే. ఆమె కాసేపు ఆలోచించి, "మీరూ, పెద్దమ్మా కూడా రండి వదినా, అందరం కలిసి ఉందాం. దర్భ మాత్రం కొంగున కట్టుకోమనండి, నా మనసు కోసం" అంది. కట్టుకుంటే పోయేదేముంది? మా అమ్మాయి కట్టుకుంది. నేనూ విడుపు స్నానం మానను. అది నా అలవాటు, చల్లటి నీళ్ళు పోసుకుంటే హాయిగా ఉంటుంది.

సెప్టెంబరు 7, ఆదివారం. గుళ్ళు మధ్యాహ్నం నుంచే మూసేశారు (ఒక్క శ్రీకాళహస్తి తప్ప, రాహుకేతువుల క్షేత్రం కాబట్టి అది గ్రహణంలోనూ తెరిచే ఉంటుంది). మిర్యాలగూడలో వాళ్ళ డాబా మీద చాపలు, కుర్చీలు వేశాం. ఎనిమిదింటికి అమ్మాయికి పప్పన్నం, పెరుగన్నం పెట్టాం. వానాకాలం కాబట్టి మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి. రాత్రి 9.57కి చంద్రుడి అంచున మసి పూసినట్టు మొదలైంది. చంద్రగ్రహణానికి కళ్ళద్దాలూ అక్కర్లేదు, గరిటెలూ అక్కర్లేదు, మామూలు కళ్ళతో ఎంతసేపైనా చూడొచ్చు. పదకొండుకల్లా మొత్తం నీడలోకి వెళ్ళిపోయాడు. వెళ్ళి మాయం కాలేదు, రాగి చెంబు రంగులోకి తిరిగాడు! భూమి చుట్టూ ఉన్న గాలి పొరలోంచి వంగి వెళ్ళే ఎర్రటి వెలుగే అది. ఆ క్షణాన భూమ్మీద ఎక్కడెక్కడ పొద్దు పొడుస్తోందో, ఎక్కడెక్కడ పొద్దు కుంకుతోందో, ఆ ఎరుపంతా కలిసి చంద్రుడి మీద పడుతుందన్నమాట. పున్నమి వెన్నెల తగ్గిపోయి, అంతదాకా కనబడని చుక్కలన్నీ బయటికొచ్చాయి. 82 నిమిషాలు అట్లాగే ఉన్నాడు.

వదినగారు మొదట మెట్ల దగ్గర ఆగిపోయింది. తర్వాత మెల్లగా వచ్చి కోడలి పక్క కుర్చీలో కూర్చుంది. "ఇన్నేళ్ళొచ్చినయి, ఇది ఇట్లుంటదని ఎవరు చెప్పిన్రు?" అంది. మా అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని, "లోపల వీడు తంతున్నాడు, వీడికీ చూడాలనుందేమో" అని నవ్వింది. అమ్మ మాత్రం చాప మీద వెల్లకిలా పడుకుంది. ఎవరూ పడుకోమనలేదు! మోక్షం అయ్యే దాకా, 1.26 దాకా, అట్లాగే చూస్తూ ఉంది.

అడుగుతారని చెబుతున్నా. సంక్రాంతి వెళ్ళాక బాబు పుట్టాడు, బాగున్నాడు. గ్రహణం చూసినందువల్ల బాగున్నాడని నేననను. చూడకపోయినా బాగుండేవాడే.

సూర్యగ్రహణం జాగ్రత్తలు చెబుతానన్నాను కదా. సూర్యుణ్ణి సూటిగా చూస్తే కంటి లోపలి పొర కాలినా నొప్పి తెలియదు, కొన్ని గంటలు గడిచాకే చూపు మసకబారిందని తెలుస్తుంది. ఎక్స్‌రే ఫిలిములు, చలువ కళ్ళద్దాలు, మసిపట్టిన గాజు, ఏవీ పనికిరావు. పసుపు నీళ్ళ పళ్ళెంలో నీడ చూడటం మన పాతపద్ధతే గానీ, అందులోనూ వెలుగు గట్టిగానే ఉంటుంది, తదేకంగా చూడకండి. గ్రహణం కోసమే చేసిన అద్దాలు, ఐఎస్ఓ 12312-2 అని ముద్ర ఉన్నవి, గీతలు పడకుండా ఉంటే వాడుకోవచ్చు. లేదా బూందీ గరిటె. సన్న చిల్లులదయితే బొమ్మ తేటగా పడుతుంది. గరిటెలోంచి సూర్యుణ్ణి చూడకూడదు సుమా, కింద పడిన బొమ్మనే చూడాలి.

ఆ రాత్రి మెట్లు దిగుతుంటే అమ్మ అడిగింది, "మళ్ళా ఆ పెద్ద గ్రహణం, పగలు చీకటయ్యేది, ఎప్పుడొస్తది?" మనవడు ఫోనులో చూసి చెప్పాడు. మన దేశంలో 2034 మార్చి 20న, అదీ లద్దాఖ్‌లో కార్గిల్ వైపు. అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఆమెకు డెబ్బయి నాలుగు నిండుతాయి. "కార్గిల్‌కు రైలు పోతదా?" అంది.

పోదట. ఆలోగా 2027 ఆగస్టు 2న ఈజిప్టులో పట్టపగలు చీకటి పడేది ఉంది, మనకు సాయంత్రం పూట సూర్యుడి అంచు కొంచెం కొరికినట్టు కనబడుతుంది. నా బూందీ గరిటె తన సంచిలో పెట్టుకుని మరీ సూర్యాపేట బస్సెక్కింది అమ్మ. వచ్చే దీపావళికి నేను ఇంకోటి కొనుక్కోవాలి.